రాత్రి లేని ప్రయాణానికి ఫస్ట్ క్లాసెందుకు?

హనుమకొండ సుబేదారిలో కలెక్టరేట్ ఉంది, ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది, అదాలత్ దగ్గర కోర్టులున్నాయి. రైల్వే స్టేషన్ మాత్రం లేదు. రైలెక్కాలంటే ఇటు కాజీపేట జంక్షన్‌కో, అటు వరంగల్‌కో ఆటో మాట్లాడుకోవాలి. కాజీపేట చిన్న జంక్షనేమీ కాదు. 1929లో బల్లార్షా వైపు మార్గం పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ, చెన్నై ప్రధాన లైను దీని మీదుగానే పోతోంది. సికింద్రాబాద్ లైను వచ్చి కలిసేదీ ఇక్కడే. హైకోర్టులో వాయిదా, హైదరాబాద్ ఆస్పత్రిలో చూపించుకోవడం, తిరుపతి దర్శనం, విశాఖలో పెళ్లి, ఢిల్లీలో ఇంటర్వ్యూ... ఏ పని మీద బయల్దేరినా టికెట్ తీసేటప్పుడు ఇంట్లో ఒకే ప్రశ్న వస్తుంది. ఏ క్లాసులో తీద్దాం? దీనికి రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. డబ్బు పోతే పోయింది, సుఖంగా పోదాం అన్నది ఒకటి. ఎందులో ఎక్కినా రైలు చేరేది ఒకే టైముకి కదా అన్నది ఇంకొకటి. రెంటిలోనూ సగం సగం నిజమే ఉంది. లెక్క వేసి చూస్తే తేలేది వేరు. అదనంగా పెట్టే రూపాయికి కింది తరగతి నుంచి ఒక మెట్టు ఎక్కేటప్పుడు దక్కేంత ఫలం, పైకి పోయేకొద్దీ దక్కదు. చిట్టచివరి మెట్టయిన ఫస్ట్ క్లాసుకు అర్థం ఉండేది ప్రయాణంలో పొడవైన రాత్రో, రోజంతా కూర్చోవలసిన దూరమో ఉన్నప్పుడు, దాన్ని తట్టుకోలేని ఒళ్లు ఉన్నప్పుడు. మిగతా చోట్ల ఆ డబ్బు అంతకంటే మంచి పనికొస్తుంది.

ముందు దగ్గరి ప్రయాణం సంగతి చూద్దాం. మన ఊరివాళ్లు ఎక్కువగా చేసేది అదే. సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది, వరంగల్‌లో ఆగుతుంది. మొదలైన రోజుల్లో సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు చైర్ కార్ టికెట్ 520 రూపాయలు, ఎగ్జిక్యూటివ్ టికెట్ 1,005 రూపాయలు. అంటే గంటన్నర పైచిలుకు ప్రయాణానికి 485 రూపాయల తేడా. గంటకు మూడు వందలు అదనం. అదే రైల్లో సికింద్రాబాద్ నుంచి విశాఖ దాకా పోయేవారికి అప్పట్లో చైర్ కార్ 1,665, ఎగ్జిక్యూటివ్ 3,120. ఎనిమిదిన్నర గంటల మీద పరిస్తే గంటకు 170 రూపాయల చిల్లర. దూరం పోయేవాడికంటే దగ్గర దిగేవాడే ఆ విలాసానికి గంటకు ఎక్కువ చెల్లిస్తున్నాడు. ఇంతకూ దేనికి చెల్లిస్తున్నట్టు? చైర్ కార్ బోగీలో 78 సీట్లు, వరుసకు మూడూ రెండూ. ఎగ్జిక్యూటివ్‌లో 52 సీట్లు, వరుసకు రెండూ రెండూ. కాళ్లు చాపుకునే చోటు కొంత ఎక్కువ, సీటు గుండ్రంగా తిరుగుతుంది. అంటే మనిషికి దక్కే చోటు ఒకటిన్నర రెట్లు, ఇచ్చే డబ్బు దాదాపు రెండు రెట్లు. చల్లదనం ఒకటే, వేగం ఒకటే, దిగే ప్లాట్‌ఫాం ఒకటే. మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో ఎక్కి వెలుతురుండగానే వరంగల్‌లో దిగే మనిషికి ఈ తేడా సమర్థించుకోదగింది కాదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. థర్డ్ ఏసీలో ఎంత దగ్గరకు వెళ్లినా కనీసం 300 కిలోమీటర్లకు ఛార్జీ కట్టాలి. స్లీపర్‌లో ఆ కనీస దూరం 200 కిలోమీటర్లు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే. దూరపు రైల్లో ఖాళీ ఉంది కదా అని థర్డ్ ఏసీ తీసుకుంటే, ప్రయాణించని 168 కిలోమీటర్లకు కూడా డబ్బు కట్టినట్టే. పగటిపూట రెండు గంటల ప్రయాణానికి పడుకునే బెర్త్‌తో పనేముంది? శాతవాహన, గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లలో సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ దొరికితే ఈ దూరానికి అంతకు మించిన బేరం లేదు. పైగా 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కనుక, హనుమకొండ బస్టాండు నుంచి హైదరాబాద్ పోయే ఆడవాళ్లకు టికెట్ ఖర్చే లేని దారి కూడా ఉంది. కాబట్టి హైదరాబాద్ ప్రయాణం విషయంలో తర్కించవలసింది ఏ క్లాసు అన్నది కాదు, సీటు గ్యారంటీ ఉందా లేదా అన్నది. వేగం కావాలనుకునేవారు వందేభారత్ చైర్ కార్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది, ఎందుకంటే అక్కడ కొనేది సమయం. అదే రైల్లో ఎగ్జిక్యూటివ్ తీసుకుంటే ఒక్క నిమిషం కూడా కలిసిరాదు.

రాత్రి ప్రయాణాల లెక్క వేరు. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ, పద్మావతి ఎక్కితే తిరుపతి. ఇక్కడ కొనేది సీటు కాదు, నిద్ర. కింది నుంచి మొదలుపెడదాం. పండగ రోజుల్లో జనరల్ బోగీని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి జరగలేరు, లోపలివాళ్లు బాత్రూం దాకా రాలేరు, సామాను పెట్టే పైబల్ల మీద మనుషులు, కింద దుప్పటి పరుచుకుని పిల్లలు. అక్కణ్నుంచి స్లీపర్‌కు మారితే మనిషికి దక్కేది తనదని చెప్పుకోగల ఆరడుగుల చోటు. మన రైళ్లలో ఇంతకు మించి విలువైన మెట్టు ఇంకొకటి లేదు. స్లీపర్ నుంచి థర్డ్ ఏసీకి మారితే ఛార్జీ రెండున్నర రెట్ల చుట్టూ పెరుగుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, కోస్తా మీదుగా సాగే రాత్రిని తలుచుకుంటే అది దుబారా అనలేం. దుమ్ము, వేడి, చప్పుడు తగ్గుతాయి, దుప్పటి, దిండు ఇస్తారు, రిజర్వేషన్ లేనివాళ్లు వచ్చి కాళ్ల దగ్గర కూర్చోవడం తక్కువ. చలికాలంలో ఒంట్లో ఓపికున్న కుర్రవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఎండాకాలంలో చంటిపిల్లలతో పోయేవాళ్లు మిగుల్చుకోవాలని చూడకపోవడమే మేలు.

థర్డ్ ఏసీ నుంచి సెకండ్ ఏసీకి మారాలా వద్దా అన్నదే మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా నలిగే ప్రశ్న. దీనికి జవాబు మధ్య బెర్త్‌లో ఉంది. థర్డ్ ఏసీలో మధ్య బెర్త్ ఎత్తి గొలుసుకు తగిలించాక కింది బెర్త్ మనిషి నిటారుగా కూర్చోలేడు. మెడ వంచుకునో, పడుకునో ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పడుకునే వేళగా రైల్వే 2017లో నియమం పెట్టింది. ఆ ఎనిమిది గంటలూ నడుం నొప్పి ఉన్నవాళ్లకు, రాత్రి రెండు మూడుసార్లు లేవవలసిన షుగర్ రోగులకు పరీక్షే. సెకండ్ ఏసీలో మధ్య బెర్త్ ఉండదు. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ బోగీల్లో థర్డ్ ఏసీకి 72 బెర్త్‌లు, సెకండ్ ఏసీకి 52. థర్డ్ ఏసీ 72లో సైడ్ లోయర్లు కలుపుకున్నా కింది బెర్త్‌లు 27, అంటే మూడో వంతుకు కాస్త ఎక్కువ. సెకండ్ ఏసీలో సరిగ్గా సగం. మోకాళ్ల నొప్పులతో నిచ్చెన ఎక్కలేని మనిషికి అసలు కావలసింది కింది బెర్త్. అది దొరికే అవకాశం మూడో వంతు నుంచి సగానికి పెరగడం చిన్న లాభం కాదు. ఛార్జీ మాత్రం సుమారు 40 శాతమే పెరుగుతుంది. అరవై దాటినవాళ్లకు, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్లకు, గర్భిణులకు ఈ మెట్టు ఎక్కమనే నా సలహా.

చివరి మెట్టు ఫస్ట్ ఏసీ. దూరాన్ని బట్టి మారినా, థర్డ్ ఏసీకి వెయ్యి రూపాయలు అనుకుంటే సెకండ్ ఏసీకి 1,400 పైన, ఫస్ట్ ఏసీకి 2,400 దగ్గర పడుతుంది. ఫస్ట్ ఏసీ బోగీకి 24 బెర్త్‌లే. థర్డ్ ఏసీ ప్రయాణికుడికి దక్కే చోటుకు మూడు రెట్ల చోటు, రెండున్నర రెట్ల లోపు డబ్బుకు. పగటి రైళ్ల ఎగ్జిక్యూటివ్ తరగతిలో చోటు ప్రియమైతే, రాత్రి రైళ్ల ఫస్ట్ ఏసీలో నిజానికి చోటు చవక. ఈ ఒక్క కారణానికే కొందరు అది మంచి బేరమంటారు. బోగీలో చోటును అడుగుల్లో కొలవడం సరే, ఒంటికి దానివల్ల కలిగే మేలు ఎంత? కింది బెర్త్ దొరికే అవకాశం ఇక్కడా సగమే, సెకండ్ ఏసీ కంటే ఒక్క శాతం కూడా పెరగదు. పైగా ఏ క్యాబిన్, ఏ బెర్త్ అన్నది టికెట్ తీసేటప్పుడు తెలియదు, చార్ట్ వేసేటప్పుడు కేటాయిస్తారు. అమ్మకు కింది బెర్త్ కావాలని ఫస్ట్ ఏసీ తీసిన కొడుకు, బెర్త్ ఏదో తెలియక చార్ట్ వేసేదాకా ఆందోళన పడుతూ కూర్చోవాలి. మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో భోజనం టికెట్‌లో కలిసి ఉండదు. దుప్పటి, దిండు పడుకునే ఏసీ తరగతులన్నింటిలోనూ ఇస్తారు. ఉచిత సామాను పరిమితి సెకండ్ ఏసీలో 50 కిలోలైతే ఇక్కడ 70. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక తలుపు. నలుగురికి క్యాబిన్, ఇద్దరికి కూపే, లోపలి నుంచి గడియ. సెకండ్ ఏసీ పరదాకూ ఆ తలుపుకూ మధ్య తేడాకే వెయ్యికి దగ్గర్లో అదనంగా చెల్లిస్తున్నాం.

ఆ తలుపు విలువ కొందరికి చాలా పెద్దది, అది ఒప్పుకోవాలి. కాజీపేటలో ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ చేరేది మర్నాడు ఉదయం, దాదాపు ఒక రోజు ప్రయాణం. ఇందులో పగలే ఎక్కువ. థర్డ్ ఏసీలో పగలంతా కింది బెర్త్ మీద ముగ్గురు కూర్చోవాలి, అందులో ఎవరూ నడుం వాల్చలేరు. మతిమరుపు వ్యాధితో అపరిచితుల మధ్య కంగారుపడే పెద్దాయనను తీసుకుపోతున్నా, మంచం దిగలేని మనిషికి మధ్య మధ్య బట్టలు మార్చవలసి వచ్చినా, ఆటిజం ఉన్న పిల్లవాడితో వెళుతున్నా, కుటుంబం నలుగురూ కలిసి క్యాబిన్ మొత్తం తీసుకోగలిగినా ఆ తలుపుకు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే. వయసు మళ్లిన దంపతులకు కూపే దొరికితే మరీ మంచిది. ఇంత పెట్టేకంటే విమానం మేలు కదా అంటారు. ముందే తీసుకుంటే ఢిల్లీ విమానం టికెట్ ఫస్ట్ ఏసీ ఛార్జీకి అటూ ఇటుగా దొరికే రోజులుంటాయి, నిజమే. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. కానీ అక్కడ విమానాలు దిగేదాకా సుబేదారి మనిషి శంషాబాద్ దాకా మూడు గంటలకు పైగా రోడ్డు మీద పోవాలి, రెండు గంటల ముందు చేరాలి. అయినా ఆరోగ్యవంతుడికి అది లాభమే, ఒక పూటలో పని అయిపోతుంది. చక్రాల కుర్చీ మనిషికి ఇన్ని ఎక్కడం దిగడాలు కష్టం. కాజీపేటలో ఎక్కి న్యూఢిల్లీలో దిగడం అతనికి సులువు.

రాజధాని, దురంతో లాంటి రైళ్లలో మాత్రం ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. 2016 సెప్టెంబర్ నుంచి అక్కడ ఫ్లెక్సీ ఛార్జీ ఉంది. పది శాతం బెర్త్‌లు అమ్ముడైనకొద్దీ ధర పదేసి శాతం పెరుగుతుంది, ఇప్పుడు మూల ఛార్జీకి 1.4 రెట్ల దాకా పోతుంది. ఫస్ట్ ఏసీకి ఇది వర్తించదు. ఆలస్యంగా టికెట్ తీసుకునేవారికి సెకండ్ ఏసీకీ ఫస్ట్ ఏసీకీ మధ్య తేడా చాలావరకు కరిగిపోతుంది. అలాంటప్పుడు పై తరగతి తీసుకోవడమే తెలివి. అయితే ఫస్ట్ ఏసీలో తత్కాల్ లేదు.

భద్రత మాటేమిటన్నది బలమైన అభ్యంతరం. ఒంటరిగా పోయే ఆడపిల్లకు, పెళ్లి నగలతో పోయే కుటుంబానికి తలుపున్న క్యాబిన్ క్షేమం కాదా? కుటుంబం విషయంలో ఔను. ఒంటరి మహిళ విషయంలో అంత తేలిగ్గా చెప్పలేం. నాలుగు బెర్త్‌ల క్యాబిన్‌లో మిగతా ముగ్గురూ ముక్కూమొహం తెలియని మగవాళ్లే కావచ్చు. అప్పుడు ఆ గడియ ధైర్యాన్ని ఇవ్వదు. టీటీఈని అడిగితే వీలునుబట్టి మారుస్తారు, అయినా అది అతని వీలు మీద, ఖాళీల మీద ఆధారపడిన విషయం. సెకండ్, థర్డ్ ఏసీల్లో పరదానే ఉన్నా చుట్టూ పదిమంది ఉంటారు, పక్క బెర్త్‌లో కుటుంబాలుంటాయి, పిలిస్తే పలికేవాళ్లుంటారు. ఒంటరిగా పోయే మహిళల కోసం ఆర్‌పీఎఫ్ 2020లో మొదలుపెట్టిన మేరీ సహేలీ కార్యక్రమంలో సిబ్బంది బయల్దేరే స్టేషన్‌లోనే పలకరించి, దారిలో వాకబు చేస్తారు. రైల్వే సహాయ నంబరు 139 ఏ తరగతి ప్రయాణికురాలికైనా పనిచేస్తుంది. భద్రత కోసం ఫస్ట్ ఏసీ కొనదలచినవాళ్లు కొనాల్సింది కూపేనో, మొత్తం క్యాబినో. అందులో ఒక్క బెర్త్ కొంటే భద్రత వచ్చినట్టు కాదు.

ఇంకొక వాదన గౌరవంగా వినవలసిందే. ఫస్ట్ క్లాసు వాళ్లు ఎక్కువ కడుతున్నారు కాబట్టే జనరల్ బోగీ వాళ్లకు టికెట్ చవకగా దొరుకుతోంది, కనుక పై తరగతిలో పోవడం పేదవాడికి సాయమే అంటారు. వినడానికి బాగుంది, లెక్క మాత్రం ఒప్పుకోదు. పైన చెప్పిన ధరలతోనే చూడండి. థర్డ్ ఏసీ బోగీ నిండితే 72 వేలు వస్తాయి, అదే పొడవున్న ఫస్ట్ ఏసీ బోగీ నిండితే 58 వేలు కూడా రావు. కాగ్ నివేదికలు పలు ఏళ్లు చెప్పింది కూడా ఇదే. ప్రయాణికుల తరగతుల్లో ఖర్చుకు మించి రాబడి తెచ్చింది ప్రధానంగా థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లే. ఫస్ట్ ఏసీ కూడా నష్టాల జాబితాలోనే కనిపించింది. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నామని రైల్వే టికెట్ల మీద ముద్రించేది. ఆ రాయితీ ఫస్ట్ క్లాసు ప్రయాణికుడికీ అందుతోందని ఆ మాట చదివినవాళ్లలో ఎందరికి తోచి ఉంటుంది? 2025 జూలై 1 నుంచి ఛార్జీలు పెంచినప్పుడు ఎక్స్‌ప్రెస్ రైళ్ల ఏసీ తరగతులన్నింటికీ కిలోమీటరుకు ఒకే రెండు పైసలు వేశారు, స్లీపర్‌కు ఒక పైసా. వెయ్యి కిలోమీటర్లకు థర్డ్ ఏసీ వాళ్లకు ఇరవై, ఫస్ట్ ఏసీ వాళ్లకూ ఇరవై. మూల ఛార్జీతో పోలిస్తే పై తరగతి మీద పడిన భారమే తక్కువ.

అసలు చివరి మెట్టు ఇంత ఆకర్షణీయంగా ఎందుకు కనిపిస్తుంది? 1849లోనే ఫ్రెంచ్ ఇంజినీరు జూల్ ద్యుపుయి దీని గుట్టు చెప్పాడు. మూడో తరగతి పెట్టెలకు పైకప్పు వేయకపోవడానికి కారణం ఖర్చు కాదనీ, రెండో తరగతి ఛార్జీ కట్టగలవాడు మూడో తరగతిలోకి రాకుండా భయపెట్టడమేననీ. మన దేశంలో గాంధీజీ 1917లో మూడో తరగతి ప్రయాణం గురించి ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకమే ప్రచురించారు. బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో 13 రూపాయల 9 అణాలు పెట్టి వెళ్లి, మొదటి తరగతి ఛార్జీ దానికి ఐదు రెట్లకు పైగా ఉందని లెక్క తీసి, సౌకర్యంలో ఐదో వంతైనా, పదో వంతైనా తమకు దక్కుతోందా అని నిలదీశారు. ఇప్పుడు స్లీపర్, ఫస్ట్ ఏసీ మధ్య తేడా దూరపు రైళ్లలో ఆరు రెట్ల చుట్టూ ఉంది. మధ్యలో చాలా మారింది. 1970ల్లో మూడో తరగతి పేరు పోయింది. రైల్వే మంత్రిగా మధు దండవతే రెండో తరగతి స్లీపర్ చెక్కబల్లల మీద మెత్తటి పరుపు వేయించారు. 1977 డిసెంబర్‌లో తరగతుల తేడా లేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్ నడిపించారు. కింది తరగతిని బాగు చేస్తే పై తరగతి కొనవలసిన అవసరమే ఎందరికో తప్పుతుందని ఆ రెండంగుళాల పరుపు నిరూపించింది. కింది బోగీలు కిక్కిరిసి ఉన్నంతకాలం మనం పైన కొనేది సుఖం కాదు, కింది ఇబ్బంది నుంచి విడుదల. 22 బోగీల రైలుకు 12 నాన్ ఏసీ, 8 ఏసీ బోగీలన్నది రైల్వే శాఖ చెబుతున్న విధానం. పది వేల నాన్ ఏసీ బోగీలు తయారుచేస్తామని 2024లో ప్రకటించింది కూడా. కాజీపేటలో ఆగే ప్రతి రైలుకూ అవి వచ్చి కలవాలి.

కష్టపడి సంపాదించుకున్నాం, ఒక్కసారైనా హాయిగా పోతే తప్పేమిటి అని అడిగేవారితో నాకు పేచీ లేదు. సుఖం కోరుకోవడం తప్పు కాదు. పెళ్లిరోజుకో, రిటైరైన సందర్భంలోనో కూపేలో వెళ్లాలని ఉంటే వెళ్లాలి. నేను వద్దనేది పరువు కోసం తీసే ఫస్ట్ క్లాసు టికెట్‌ను. ఆఫీసు డబ్బుతో పోయేవారి లెక్క వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వంలో పన్నెండో స్థాయి జీతం నుంచి పైవారికి ఫస్ట్ ఏసీ, ఆరు నుంచి పదకొండు దాకా సెకండ్ ఏసీ అర్హతగా ఉన్నాయి. హోదాను బట్టి తరగతి నిర్ణయించే ఈ పద్ధతే మన ఇళ్లలోకీ పాకింది. వియ్యాలవారికి ఫలానా తరగతి తీయకపోతే బాగుండదనుకోవడం, ఊళ్లోవాళ్లు చూస్తారని అప్పు చేసి మరీ టికెట్ తీయడం దాని నీడలే. ఒళ్లు అడిగినందుకు మెట్టెక్కాలి గాని హోదా అడిగినందుకు కాదు. తిరుపతికి పోయే వృద్ధ దంపతులకు వెళ్లేటప్పుడు ఫస్ట్ ఏసీ, వచ్చేటప్పుడు స్లీపర్ తీసే బదులు రెండు వైపులా సెకండ్ ఏసీ తీస్తే ఖర్చు ఇంచుమించు అంతే, కష్టం సగానికి సగం తగ్గుతుంది. ఇంకా మిగిలితే వాళ్లతో తోడుగా ఒక మనిషిని పంపవచ్చు. ఏ గడియ తలుపూ తోడు మనిషికి సాటి రాదు.

ఒళ్లు అడిగే అవసరం ఎక్కువున్నది వృద్ధులకే, వాళ్ల చేతిలో డబ్బు తక్కువుండే వయసూ అదే. 2020 మార్చి దాకా అరవై దాటిన పురుషులకు మూల ఛార్జీలో 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం రాయితీ ఉండేది. థర్డ్ ఏసీ వెయ్యి, సెకండ్ ఏసీ 1,400 అన్న లెక్కలో పెద్దావిడకు సెకండ్ ఏసీ 700 చుట్టూ పడేది. రాయితీ లేని థర్డ్ ఏసీ కంటే చవక. కోవిడ్ పేరుతో తీసేసిన ఆ రాయితీ మళ్లీ రాలేదు. అంటే ప్రతి వృద్ధురాలినీ ఒక మెట్టు కిందికి దింపినట్టే. కింది బెర్త్ కోసం స్లీపర్ బోగీకి ఆరేడు, థర్డ్ ఏసీకి నాలుగైదు, సెకండ్ ఏసీకి మూడు నాలుగు చొప్పున వయోవృద్ధులు, 45 దాటిన మహిళలు, గర్భిణుల కోటా ఉంది. టికెట్ తీసేటప్పుడు ఆ కోటాను ఎంచుకోవడం మరిచిపోవద్దు. అది దొరికితే చాలామందికి పై తరగతి అవసరమే రాదు. రాయితీని కనీసం స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లోనైనా తిరిగి ఇచ్చే సంగతి పరిశీలించాలని పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘం సిఫారసు చేసింది. సంఘం అడిగింది ఫస్ట్ క్లాసు కోసం కాదు, సరిగ్గా సాయం అవసరమైన మెట్ల కోసం. వరంగల్ నుంచి ఢిల్లీకి వెళ్లే ప్రజాప్రతినిధులు కాజీపేటకు కొత్త రైళ్లు అడిగినంత గట్టిగా ఈ సిఫారసు అమలునూ సభలో అడగాలి.